చేయకముందే చూడటం: ఎలక్ట్రానిక్ వలయాల రూపకల్పనలో కంప్యూటర్

ఎలక్ట్రానిక్ వలయాన్ని రూపొందించడంలోని కష్టం దాన్ని ఊహించడంలో కన్నా, ఊహించినది సరిగా పనిచేస్తుందో లేదో తయారీకి ముందే తెలుసుకోవడంలో ఎక్కువగా ఉంది. గోడ వంకరగా లేస్తే నాలుగు వరసలు దించి మళ్లీ కట్టవచ్చు గాని, సిలికాన్ పలక మీద ఒకసారి ఏర్పడిన ట్రాన్సిస్టర్‌ను పక్కకు జరపడానికి గాని, మరచిపోయిన తీగను తరవాత అతికించడానికి గాని మామూలుగా వీలుండదు. అలాంటి తప్పు బయటపడితే, కాంతి సహాయంతో పటాన్ని పలక మీదికి దించే మాస్కులను మళ్లీ చేయించి, కొన్ని వారాల నుంచి నెలల దాకా సాగే తయారీ ప్రక్రియను తిరిగి నడిపించవలసి వస్తుంది. అందువల్ల వలయాన్ని తయారు చేయకముందే దాని నడవడిని చూడగల సాధనం ఈ రంగానికి ప్రాణావసరమైంది. వలయాన్ని వర్ణించడం, లెక్కించడం, అమర్చడం, సరిచూడడం అనే నాలుగు పనులను కంప్యూటర్‌తో చేయించే సాఫ్ట్‌వేర్‌లన్నిటినీ కలిపి ఎలక్ట్రానిక్ డిజైన్ ఆటోమేషన్ అని, క్లుప్తంగా ఈడీఏ అని పిలుస్తారు.

చేతి గీతల కాలం

1971 నవంబరులో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 మైక్రోప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. ఫెడెరికో ఫాజిన్ రూపకల్పనకు నాయకత్వం వహించిన ఆ చిప్ పటాన్ని మనుషులు చేత్తోనే గీశారు. ఆనాటి పద్ధతిలో చిప్‌లోని ఒక్కొక్క పొర బొమ్మను, అసలు పరిమాణానికి కొన్ని వందల రెట్లు పెద్దదిగా, రూబీలిత్ అనే ప్లాస్టిక్ పత్రం మీద సిద్ధం చేసేవారు. అడుగున పారదర్శకమైన గట్టి పొర, దానిమీద పలుచని ఎర్రని పొర ఉండే ఆ పత్రంలో, అడుగు పొర తెగకుండా ఎర్ర పొరను మాత్రమే పదునైన కత్తితో కోసి, అక్కరలేని ముక్కలను ఒలిచివేస్తే, మిగిలిన ఎరుపే పటమయ్యేది. దాన్ని ఫోటో తీసి అంచెలంచెలుగా కుదించి మాస్కుగా మార్చేవారు. ఒక ముక్క ఒలవడం మరచిపోయినా, రెండు గీతలు ఉండవలసిన దానికన్నా దగ్గరగా పడినా కనిపెట్టడానికి మనిషి కన్ను తప్ప వేరే ఆధారం ఉండేది కాదు.

గీసిన పటం సరైనదే అయినా, ఆ వలయం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న మిగిలే ఉండేది. విడి ట్రాన్సిస్టర్లు, నిరోధకాలు, కెపాసిటర్లు తెచ్చి, రంధ్రాలున్న బ్రెడ్‌బోర్డు అనే పలక మీద గుచ్చి, ఆసిలోస్కోపుతో కొలవడం అప్పటి సంప్రదాయం. రేడియోకూ యాంప్లిఫయర్‌కూ చక్కగా సరిపోయిన ఈ పద్ధతి చిప్ విషయంలో దారి తప్పించేది. దగ్గరదగ్గరగా ఉన్న ఏ రెండు లోహపు ముక్కల మధ్యనైనా ఎవరూ కోరకుండానే కొంత కెపాసిటెన్స్ ఏర్పడుతుంది. ఇతరుల మీద ఆధారపడి బతికే జీవిని తలపిస్తుంది కనుక దాన్ని పరాన్న కెపాసిటెన్స్ అంటారు. బ్రెడ్‌బోర్డు మీద అది పికోఫారడ్లలో ఉంటే, చిప్ లోపల పక్కపక్కనున్న చిన్న భాగాల మధ్య అందులో వెయ్యో వంతైన ఫెమ్టోఫారడ్లలో ఉంటుంది. పైగా ఒకే పలక మీద పక్కపక్కన పుట్టిన ట్రాన్సిస్టర్లకు ఉండే పోలిక, విడివిడిగా కొన్నవాటిలో కనిపించదు. కాబట్టి బ్రెడ్‌బోర్డు మీద నడిచిన వలయం చిప్‌లో నడవకపోవచ్చు, అక్కడ నడవనిది ఇక్కడ నడవవచ్చు. నమూనా కట్టి చూడడం ఇలా అక్కరకు రాకుండా పోయిన చోటనే లెక్కకు పని పడింది.

సమీకరణాలుగా మారిన వలయం

ఏ వలయాన్నయినా లెక్కించడానికి మూలాధారం 1845లో గుస్తావ్ కిర్కాఫ్ ప్రతిపాదించిన రెండు నియమాలు. ఒక సంధిలోకి వచ్చే విద్యుత్ ప్రవాహమంతా దానినుంచి బయటికి పోయే ప్రవాహానికి సమానమని మొదటిది, ఒక లూప్ చుట్టూ తిరిగి వస్తే వోల్టేజి పెరుగుదలలు, తగ్గుదలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని రెండోది చెబుతాయి. నిరోధకాలు మాత్రమే ఉన్న వలయంలో సంధికి ఒక సమీకరణం చొప్పున రాసి, అన్నిటినీ ఒకేసారి సాధిస్తే ప్రతి సంధి దగ్గరి వోల్టేజీ తెలుస్తుంది. సంధులు పది ఉన్నా పదివేలున్నా పద్ధతి ఒకటే కనుక, విసుగెరుగని కంప్యూటర్‌కు ఇది తగిన పని.

డయోడ్, ట్రాన్సిస్టర్ వంటి అర్ధవాహక పరికరాలు రంగంలోకి వచ్చేసరికి ఈ సౌలభ్యం పోతుంది. నిరోధకంలో వోల్టేజిని రెట్టింపు చేస్తే ప్రవాహం కూడా రెట్టింపవుతుంది. డయోడ్‌లో మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గర వోల్టేజి సుమారు 60 మిల్లీవోల్టులు పెరిగిన ప్రతిసారీ ప్రవాహం పది రెట్లవుతుంది. ఇలాంటి సమీకరణానికి నేరుగా జవాబు రాబట్టే సూత్రం లేకపోవడంతో, ఒక ఊహతో మొదలుపెట్టి దాన్ని మెట్టుమెట్టుగా సవరించుకుంటూ పోయే న్యూటన్-రాఫ్సన్ పద్ధతిని వాడతారు. ఊహించిన బిందువు దగ్గర వంపు గీతకు ఒక స్పర్శరేఖ గీసి, ఆ సరళరేఖ చూపిన చోటును తరవాతి ఊహగా తీసుకోవడమే అందులోని కిటుకు.

5 వోల్టుల బ్యాటరీ, 1,000 ఓమ్‌ల నిరోధకం, ఒక డయోడ్ వరసగా కలిపిన చిన్న వలయంలో ఈ లెక్క ఎలా నడుస్తుందో చూడవచ్చు. ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్ అనీ, డయోడ్‌ను తిరగేసి కలిపినప్పుడు అందులో పారే అతి స్వల్ప ప్రవాహం ఆంపియరులో కోటి కోట్లవ వంతు అనీ అనుకుంటే, డయోడ్ మీద 0.7 వోల్టులు ఉన్నాయన్న ఊహతో మొదలుపెట్టినప్పుడు నిరోధకం 4.3 మిల్లీఆంపియర్లు పంపగలుగుతుండగా డయోడ్ 5.76 మిల్లీఆంపియర్లు కోరుతుంది. రెండూ కలవలేదు కనుక ఊహను సవరిస్తే 0.6935 వోల్టులు, మరొకసారి సవరిస్తే 0.6925 వోల్టులు వస్తాయి. అక్కడ రెండు ప్రవాహాలూ సుమారు 4.31 మిల్లీఆంపియర్ల దగ్గర కలుస్తాయి. రెండు అడుగుల్లో జవాబు తేలింది.

అదే లెక్కను 0.6 వోల్టుల ఊహతో మొదలుపెడితే కథ మారిపోతుంది. ఆ బిందువు దగ్గర డయోడ్ గీత ఇంకా దాదాపు చదునుగా ఉండడంతో, స్పర్శరేఖ తరవాతి ఊహను ఏకంగా 1.357 వోల్టుల దగ్గరికి విసిరేస్తుంది. అంత వోల్టేజికి డయోడ్ సమీకరణం ఇచ్చే ప్రవాహం 60 కోట్ల ఆంపియర్లకు పైమాటే. బల్ల మీది చిన్న బ్యాటరీ నుంచి అంత ప్రవాహం రాదని ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలుసు గాని, కంప్యూటర్‌కు అది కూడా ఒక సంఖ్యే. ఇంకాస్త పెద్ద ఊహ పడితే సంఖ్య కంప్యూటర్ గుర్తుంచుకోగల హద్దునే దాటి, లెక్క కుప్పకూలుతుంది. అందుకే వలయాలను లెక్కించే ప్రోగ్రాములలో, డయోడ్ వంటి సంధుల మీది వోల్టేజి ఒక్క అడుగులో ఎంత వరకు మారవచ్చో నిర్దేశించి పగ్గం వేసే నియమాన్ని ప్రత్యేకంగా చేర్చారు. ఆ నియమం గణితంలోనుంచి పుట్టలేదు. డయోడ్ స్వభావం ఎరిగినవారి అనుభవంలోనుంచి పుట్టింది.

కెపాసిటర్లు చేరినప్పుడు వలయంలోని వోల్టేజీలు కాలంతో పాటు మారుతుంటాయి. అప్పుడు కాలాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలోనూ పై లెక్కనంతా మళ్లీ చేస్తారు. వోల్టేజీలు వేగంగా మారే చోట ముక్కలు చిన్నవిగా, నిలకడగా ఉన్న చోట పెద్దవిగా ఉండేటట్టు ప్రోగ్రామే సర్దుకుంటుంది. ఆసిలోస్కోపు తెర మీద కనిపించవలసిన తరంగం, వలయం పుట్టకముందే కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. ఈ అనుకరణనే సిమ్యులేషన్ అంటారు.

బర్క్‌లీలో పుట్టిన స్పైస్

ఈ ఆలోచనలను ఒక్కచోట చేర్చి లోకానికి అందించిన ప్రోగ్రాము స్పైస్. 1960లలో అమెరికాలో వలయ విశ్లేషణ ప్రోగ్రాములు కొన్ని రక్షణ శాఖ అవసరాల కోసం, అణు విస్ఫోటన వికిరణం వలయాలను ఎలా దెబ్బతీస్తుందో లెక్కగట్టే ఏర్పాటుతో తయారయ్యాయి. 1969-70లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో రోనాల్డ్ రోరర్ బోధించిన తరగతిలో విద్యార్థులు రాసిన ప్రోగ్రాముకు, వికిరణాన్ని మినహాయించిన అరేఖీయ వలయాల విశ్లేషణ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కూర్చి ‘క్యాన్సర్’ అని పేరు పెట్టడంలో, ఆ రక్షణ ధోరణి మీద ఒక చురక ఉంది. ఆ పనిని లారెన్స్ నేగెల్ అనే పరిశోధక విద్యార్థి ఆచార్య డొనాల్డ్ పెడర్సన్ పర్యవేక్షణలో కొనసాగించి, 1973లో స్పైస్ మొదటి రూపాన్ని, 1975లో మరింత సమర్థమైన రెండో రూపాన్ని వెలువరించాడు.

అప్పటి కంప్యూటర్‌కు వలయాన్ని బొమ్మగా చూపించే వీలు లేదు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క వరస చొప్పున, ఆ భాగం పేరు, అది ఏయే సంధులను కలుపుతుంది, దాని విలువ ఎంత అన్నవి రంధ్రాల కార్డుల మీద గుచ్చి ఇచ్చేవారు. ఇలా వలయాన్ని మాటల్లో చెప్పే జాబితాకు నెట్‌లిస్ట్ అని పేరు. కార్డుల కట్టను పేకముక్కల కట్టలాగా డెక్ అనడం అలవాటు కాబట్టి, కార్డులు పోయి దశాబ్దాలు గడిచినా స్పైస్ ఫైలును డెక్ అనేవారు నేటికీ ఉన్నారు.

స్పైస్ వ్యాప్తికి దాని గణితం ఎంత కారణమో, పెడర్సన్ పట్టుదల కూడా అంతే కారణం. ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రోగ్రాము అందరికీ అందాలన్నది ఆయన నియమం. టేపు ఖర్చు ఇచ్చినవారికల్లా మూలంతో సహా ప్రోగ్రామును పంపేవారు. పట్టభద్రులైన విద్యార్థులు దాన్ని తమతో పాటు తాము చేరిన కంపెనీలకు తీసుకుపోయారు. కంపెనీల్లో బయటపడిన లోపాలు, వాటికి చేసిన సవరణలు తిరిగి బర్క్‌లీకి చేరాయి. నేడు కంపెనీలు అమ్ముతున్న వలయ సిమ్యులేటర్లలో అనేకం ఆ వంశానికి చెందినవే.

ఒక వలయం ఒక్క పరిస్థితిలో పనిచేస్తే చాలదన్న సంగతిని సిమ్యులేటర్ చేతికి వచ్చాక పూర్తిగా పరీక్షించడం సాధ్యమైంది. చలిలో మైనస్ 40 డిగ్రీల దగ్గర, ఇంజను పక్కన 125 డిగ్రీల దగ్గర, సరఫరా వోల్టేజి పది శాతం తగ్గినప్పుడు, పెరిగినప్పుడు, ట్రాన్సిస్టర్లు అనుకున్న దానికన్నా చురుకుగా లేదా మందకొడిగా తయారైనప్పుడు వలయం ఏమవుతుందో విడివిడిగా లెక్కించి చూస్తారు. నమూనా కట్టి ఇన్ని కలయికలను పరీక్షించడం ఎవరి తరమూ కాదు.

వాక్యాల్లో రాసిన వలయం

లెక్కించే సాధనం దొరికినా, లక్షల ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా గీయడం మనిషికి అసాధ్యమైన దశ 1980లలో ఎదురైంది. అప్పుడు ఇంజినీర్లు గీయడం తగ్గించి రాయడం మొదలుపెట్టారు. వలయం ఏమి చేయాలో ప్రోగ్రాములాంటి వాక్యాల్లో చెప్పే భాషలను హార్డ్‌వేర్ వర్ణన భాషలు అంటారు. అమెరికా రక్షణ శాఖ చొరవతో రూపొందిన వీహెచ్‌డీఎల్ 1987లో ప్రమాణంగా స్థిరపడగా, గేట్‌వే డిజైన్ ఆటోమేషన్ సంస్థలో ఫిల్ మూర్బీ, ప్రభు గోయల్ తదితరుల కృషితో 1980ల మధ్యలో పుట్టిన వెరిలాగ్ 1995లో ఆ హోదా పొందింది.

‘గడియారపు స్పందన వచ్చినప్పుడల్లా ఈ లెక్కకు ఒకటి కలుపు’ అన్న అర్థమిచ్చే ఒక్క వాక్యాన్ని తీసుకొని, దాన్ని నెరవేర్చే తార్కిక ద్వారాల అల్లికగా మార్చే ప్రక్రియకు సింథసిస్ అని పేరు. తార్కిక ద్వారమంటే సున్నా, ఒకటి అన్న రెండు విలువలను తీసుకొని ‘రెండూ ఉంటేనే’, ‘ఏ ఒక్కటి ఉన్నా’ వంటి నిర్ణయాలు చేసే చిన్న వలయం. ఒకే పనిని వేల రకాల అల్లికలతో చేయవచ్చు కనుక, వేగం కావాలా, తక్కువ స్థలం కావాలా, తక్కువ విద్యుత్తు కావాలా అన్న ఇంజినీరు కోరికను బట్టి సాధనం వాటిలో తగినదాన్ని వెదుకుతుంది. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్‌లోని 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లలో మనిషి ఒక్కొక్కటిగా గీసినవి చాలా స్వల్పం.

స్థలం, దారి

అల్లిక సిద్ధమయ్యాక, ఏ భాగం చిప్ మీద ఎక్కడ కూర్చోవాలన్నది తరవాతి ప్రశ్న. ఇరవై భాగాలను ఇరవై స్థలాల్లో ఎన్ని విధాలుగా అమర్చవచ్చో లెక్కిస్తేనే 19 అంకెల సంఖ్య వస్తుంది; లక్షల భాగాల విషయంలో అన్ని అమరికలనూ పరీక్షించే ఊసే ఉండదు. 1983లో ఐబీఎం పరిశోధకులు కిర్క్‌పాట్రిక్, జెలాట్, వెక్కీ ఈ సమస్యకు లోహశాస్త్రం నుంచి ఒక ఉపాయం అరువు తెచ్చారు. బాగా కాలిన లోహాన్ని ఒక్కసారిగా చల్లారిస్తే పరమాణువులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి గాని, నిదానంగా చల్లారిస్తే కదిలి కదిలి మంచి వరసలో కుదురుకుంటాయి. అదే తీరున, రెండు భాగాల స్థానాలు మార్చి చూసి, మొత్తం తీగల పొడవు తగ్గితే ఆ మార్పును ఉంచుకోవడం, పెరిగినా కూడా మొదట్లో అప్పుడప్పుడు ఒప్పుకోవడం, లెక్కలోని ‘ఉష్ణోగ్రత’ తగ్గుతున్నకొద్దీ అలా ఒప్పుకోవడం మానుకుంటూ రావడం ఈ పద్ధతి సారాంశం. చిన్న మెరుగుదల దగ్గరే ఆగిపోకుండా, కొంత నష్టపోయి మరింత మంచి అమరికను అందుకునే అవకాశం ఇందువల్ల కలుగుతుంది.

భాగాలు కూర్చున్నాక వాటిని కలిపే తీగలకు దారి వెదకాలి. 1961లో సి. వై. లీ ప్రచురించిన పద్ధతి, చెరువులో రాయి వేస్తే అలలు వ్యాపించే తీరును తలపిస్తుంది. తలాన్ని గడులుగా విభజించుకొని, బయలుదేరిన గడి నుంచి ఒక అడుగు దూరంలోని గడులన్నిటికీ ఒకటి, వాటి పక్కవాటికి రెండు అని అంకెలు వేసుకుంటూ, అడ్డంకులను చుట్టి పోతే, గమ్యం తగిలిన క్షణంలో అంకెలను తగ్గుతున్న వరసలో వెనక్కి పట్టుకుపోయిన దారి అన్నిటికన్నా పొట్టిది అవుతుంది. చిప్‌లకే కాక, టీవీలోనూ ఫ్యాను రెగ్యులేటర్‌లోనూ కనిపించే ముద్రిత వలయ ఫలకాలకు కూడా ఈ పద్ధతి సంతతే దారులు వెదుకుతోంది.

గీతల మధ్య ఎంత ఎడం ఉండాలి, తీగ ఎంత వెడల్పుండాలి అన్న తయారీ నియమాలు ఒకప్పుడు ఒక్కొక్క కర్మాగారం లోపలి విద్యగా ఉండేవి. కార్వర్ మీడ్, లిన్ కాన్వే కలిసి రాసి 1980లో వెలువరించిన పాఠ్యగ్రంథం, ఆ నియమాలన్నిటినీ లాంబ్డా అనే ఒకే కొలతకు గుణిజాలుగా సరళం చేయడంతో, కర్మాగారం గడప తొక్కని విద్యార్థి కూడా చిప్‌ను రూపొందించడం సాధ్యమైంది. ఆ తరవాత నియమాలను సరిచూడడం కూడా సాఫ్ట్‌వేర్ పనే అయింది. గీసిన పటం నుంచి వలయాన్ని తిరిగి రాబట్టి, మొదట అనుకున్న వలయంతో పోల్చే తనిఖీ దానికి తోడైంది. ఈ తనిఖీలన్నీ దాటిన పటాన్ని తయారీకి పంపే ఘట్టాన్ని, అయస్కాంత టేపుల మీద పంపిన కాలానికి గుర్తుగా నేటికీ టేపౌట్ అనే అంటారు.

అడగని ప్రశ్నకు జవాబు లేదు

ఇన్ని సాధనాలున్నా తప్పులు ఎందుకు జారిపోతాయో 1994 నాటి ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ ఉదంతం తేటతెల్లం చేసింది. ఆ ప్రాసెసర్‌లో భాగహారం వేగంగా జరగడానికి 1,066 గడుల పట్టిక ఒకటి ఉండగా, అందులో ఐదు గడుల్లో ఉండవలసిన విలువలు చేరలేదు. కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలను కూడుతున్న గణితాచార్యుడు థామస్ నైస్లీ తన లెక్కలు కలవకపోవడంతో కారణం వెదుకుతూ పోయి ఆ లోపాన్ని బయటపెట్టాడు. 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావలసిన చోట ఆ ప్రాసెసర్ 1.33374 ఇచ్చేది. చిప్‌లను మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు కేటాయించుకోవలసి వచ్చింది.

అన్ని లెక్కలనూ చేయించి చూసి ఉంటే సరిపోయేది కదా అన్న సందేహానికి అంకగణితమే సమాధానం చెబుతుంది. 32 బిట్ల సంఖ్యలు రెండింటిని గుణించే వలయానికి సాధ్యమైన ఇన్‌పుట్‌లన్నిటినీ సెకనుకు వంద కోట్ల చొప్పున పరీక్షించినా సుమారు 584 సంవత్సరాలు పడుతుంది. కాబట్టి సిమ్యులేషన్‌లో పరీక్షించేది ఎప్పుడూ కొన్ని ఉదాహరణలనే; పరీక్షించని ఉదాహరణలో దాగిన తప్పు దాగే ఉంటుంది. ఈ లోటును పూడ్చడానికి, ఉదాహరణలతో నిమిత్తం లేకుండా వలయం తన నిర్వచనానికి కట్టుబడి ఉందని గణితపరంగా రుజువు చేసే పద్ధతులు వచ్చాయి. తార్కిక ప్రమేయాలను క్లుప్తమైన నిర్ణయ పటాలుగా మలిచి పోల్చవచ్చని 1986లో రాండల్ బ్రయంట్ చూపించడం అందులో పెద్ద ముందడుగు. పెంటియం ఉదంతం తరవాత ప్రాసెసర్ల అంకగణిత భాగాలను ఇలా రుజువు చేయడం పరిశ్రమలో వేళ్లూనుకుంది. అయితే నిర్వచనం తప్పుగా రాస్తే, ఆ తప్పునే నిక్కచ్చిగా రుజువు చేసి చూపించడం కూడా ఈ పద్ధతులకు సాధ్యమే.

సాధనం ఎవరి చేతిలో

భారతదేశానికి ఈ రంగంతో పరిచయం సాఫ్ట్‌వేర్ వైపు నుంచే గాఢమైంది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో నెలకొల్పిన కేంద్రం తొలిరోజుల్లో చేపట్టిన పనుల్లో చిప్ రూపకల్పనకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఒకటి. నేడు హైదరాబాదు, బెంగళూరు నగరాల్లోని రూపకల్పన కేంద్రాల్లో వేలాదిమంది ఇంజినీర్లు ఈ సాధనాలతోనే పనిచేస్తున్నారు. సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ వంటి సంస్థల సాధనాల లైసెన్సులు ఖరీదైనవి గాని, పెడర్సన్ తీసిన దారి మూసుకుపోలేదు. స్పైస్ వారసత్వంతో నడిచే ఎన్‌జీస్పైస్, వలయ ఫలకాలను గీసే కీక్యాడ్ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని కలిపి ఐఐటీ బొంబాయి రూపొందించిన ఈసిమ్‌ను ఏ జిల్లా కళాశాల విద్యార్థి అయినా తన కంప్యూటర్‌లో నింపుకోవచ్చు. 2020లో గూగుల్, స్కైవాటర్ సంస్థలు 130 నానోమీటర్ల తయారీ ప్రక్రియ నియమాలను బహిరంగపరచడంతో, కళాశాలలో గీసిన పటం నిజమైన సిలికాన్‌గా మారే అవకాశం కూడా ఏర్పడింది.

ఆ విద్యార్థి మొదట చేయదగిన ప్రయోగం, పైన చెప్పిన బ్యాటరీ, నిరోధకం, డయోడ్ వలయాన్ని కాగితం మీద తానే న్యూటన్-రాఫ్సన్ పద్ధతితో లెక్కించి చూడడం. 60 కోట్ల ఆంపియర్ల జవాబు ఎదురైనప్పుడు పెన్ను ఆగి, ఇది కుదరదే అని అనిపించిన ఆ క్షణాన్నే ఒకప్పుడు ఎవరో ప్రోగ్రాములో నియమంగా రాసిపెట్టారు. గీతల ఎడాన్ని సరిచూసే నియమం, వేడిలో లెక్కించి చూడమనే నియమం, భాగహారాన్ని రుజువు చేయమనే నియమం కూడా ఇదే విధంగా ఏదో ఒక వలయం దెబ్బతిన్న చోటనో, దెబ్బతింటుందని ఎవరో అనుమానించిన చోటనో పుట్టినవే. వాటిని కంప్యూటర్ అలుపు లేకుండా కోట్లసార్లు అమలు చేస్తుంది; ఆ జాబితాలో ఇంకా చేరని నియమాన్ని పసిగట్టే పని మాత్రం ఇంజినీరు దగ్గరే ఉండిపోయింది.